సుఫ్రా మీద పరిచిన ఊరు

పోయిన నెల పాస్‌పోర్టు రెన్యువల్‌కి వెళ్తే, కౌంటర్లో కూర్చున్న కుర్రాడు నా కాగితాలు తిరగేసి, "పుట్టింది కువైట్లోనా మేడమ్? మరి సొంతూరు?" అన్నాడు. ఫారంలో దానికి గడి కూడా లేదు, ఊరికే అడిగాడంతే. నేను తడుముకోకుండా "యానాం" అన్నాను. పక్కన నిలబడ్డ మా ఆయన నా మొహంలోకి చూశాడు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆయన ఎరిగినంతలో మా నాన్నది అమలాపురం దగ్గర పల్లెటూరు, అమ్మది కాకినాడ. యానాంలో మాకు ఇల్లు లేదు, వాకిలి లేదు, చెప్పుకోవడానికి దూరపు చుట్టం కూడా లేడు. బయటికొచ్చాక "ఇదెప్పట్నుంచి?" అని అడిగాడు. ఐదో క్లాసు నుంచి అన్నాను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మేం కువైట్లో ఫర్వానియా అనే పేటలో ఉండేవాళ్లం. నాలుగో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు. అమ్మ గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు. నాన్న అమ్మ వీసా మీద వచ్చి, తర్వాత అల్ రాయ్‌లో ఒక కార్ల షోరూములో కుదురుకున్నాడు. "భార్య కొంగు పట్టుకుని సముద్రం దాటినవాణ్ణి" అని తన మీద తనే హాస్యమాడుకునేవాడు. అమ్మకి ఆ మాట ఇష్టముండేది కాదు గానీ, ఆపేది కూడా కాదు.

అక్కడ ఆదివారం అందరికీ పనిరోజే. అందుకని చర్చిలో మా పూజ శుక్రవారం జరిగేది. శుక్రవారమంటే నాకు ఇప్పటికీ ముక్కులోకి వచ్చే వాసనలు కొన్నున్నాయి. చర్చి సాంబ్రాణి, దార్లో బేకరీ నుంచి వేడిగా వచ్చే రొట్టె, మా బిల్డింగు మెట్లెక్కుతుంటే ఎవరో మలయాళీలు వేయిస్తున్న కొబ్బరి, వీటన్నిటి మధ్యలో యానాం అమ్మమ్మ చీర కొంగు. దానికి పైన ఆవిడ పనిచేసే ఇంటి బఖూరు ధూపం వాసన, లోపల కొబ్బరినూనె వాసన ఉండేవి. నేను ఆ కొంగులో మొహం పెట్టుకుని పూజంతా నిద్రపోయేదాన్ని.

ఆవిడ మాకేమీ కాదు. మిష్రిఫ్‌లో అరబ్బుల పెద్ద విల్లాలో వంటా, ఇస్త్రీ చేసేది. ఆ ఇంటి యజమానురాలిని అక్కడి వాడుకలో మామా అనేది. వారమంతా ఆ ఇంటి గేటు దాటేది కాదు. శుక్రవారం పొద్దున మాత్రం ఆ ఇంటి డ్రైవరు చర్చి దగ్గర దింపి, సాయంత్రప్పూట అసర్ నమాజు బాంగు వేళకి మా బిల్డింగు కిందకొచ్చి హారన్ కొట్టేవాడు. మధ్యలో ఉన్న ఆ ఐదారు గంటలూ మావి. చర్చి వరండాలో పరిచయమైనప్పుడు అమ్మ "మాది కాకినాడండి" అంది, ఆవిడ "యానామమ్మా" అంది. బస్సులో గంట దూరం. కువైట్లో పిన్నీ కూతురూ అయిపోవడానికి అది చాలు. అమ్మకి పిన్ని, నాకు అమ్మమ్మ, నాన్నకి అత్తగారు. ఆవిడకి ఆ దేశంలో రెండు పేర్లుండేవి, ఒకటి మాకు తెలిసింది, ఇంకొకటి మామా పిలిచేది. రెండూ ఇక్కడ రాయను.

"అల్లుడుగారూ, సమూన్ తెచ్చేరా?" అని గుమ్మంలో అడుగుపెడుతూనే అడిగేది. సమూన్ అంటే ఆ బేకరీ రొట్టె. పొడుగ్గా, పైన కరకరలాడుతూ, లోపల దూదిలా ఉంటుంది. దాన్ని టీలో ముంచి, కళ్లు మూసుకుని నమిలేది. "ఇదేనమ్మా మా ఫ్రెంచి దొరగారి రొట్టె. మా నాన్న బంగళాలో మిగిలింది జేబులో పెట్టి తెచ్చేవోడు. అప్పటికి రాయైపోయేది. అయినా తొమ్మిది మందిమీ పంచుకునేవోళ్లం."

ఒకసారి నాన్న చేపల మార్కెట్ నుంచి సుబూర్ అనే చేప తెచ్చాడు. ఆవిడ పొలుసు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్క కేక పెట్టింది. "ఓలమ్మో, ఇది పులసే! సముద్రంలో ఉండిపోయింది గానీ గోదారెక్కితే ఇదే పులస." బెండకాయలు వేసి, ఆవకాయ నూనె పోసి, సన్నమంట మీద మధ్యాహ్నం దాకా పులుసు కాచింది. నాన్న నోట్లో పెట్టుకుని, "గోదారెక్కని పులసకి ఆ రుచి రాదత్తగారూ," అన్నాడు. "ఎక్కలేదని దాన్నంటారేటి, మనమెక్కేమా?" అంది ఆవిడ. 

ఐదో క్లాసులో మా స్కూల్లో ఎగ్జిబిషన్ పెట్టారు. అందరూ తమ సొంతూరి చరిత్ర, అక్కడ చూడదగ్గ స్థలాలు చార్టు మీద వేసుకుని రావాలన్నారు మిస్. నేను సొంతూరిని సెలవల్లో రెండుసార్లు చూశాను, రెండుసార్లూ జ్వరం వచ్చింది. నాన్నని అడిగితే, "మా ఊరి చరిత్రా? కాలవ తవ్వేరు, తర్వాత పూడిక తీశారు. అంతే," అన్నాడు. కాకినాడ గురించి రాయమంటే అమ్మకి తెలిసింది ఆసుపత్రీ హాస్టలే. నా పక్క బెంచీ మలయాళీ పిల్ల అప్పటికే బోట్లూ, కోటా, దీపస్తంభమూ అంటూ గీసేస్తోంది. నాకు కడుపు మండిపోయింది. ఆ శుక్రవారం అమ్మమ్మ దగ్గర కూర్చుని ఏడుపు మొహంతో అంతా చెప్పాను.

"ఓసి పిచ్చిదానా, నా ఊరు తీసుకో," అంది.

అన్నం తినడానికి కింద పరుచుకున్న ప్లాస్టిక్ గుడ్డ, అక్కడి మాటలో సుఫ్రా, ఇంకా తీయలేదు. దాని మీదే ఊరు కట్టడం మొదలెట్టింది. చేత్తో నీళ్లు చిలికి ఒక అంచంతా తడిపింది. "ఇదుగో, ఇది గోదారి. ఇది గట్టు." మిగిలిన సమూన్ ముక్క దొర బంగళా అయింది. బోర్లించిన మజ్జిగ గ్లాసు తెల్లోళ్ల గుడి, అంటే చర్చి. ఉప్పు సీసా మీసాల వెంకన్న గుడి. ఖర్జూరం గింజలు పేటలు. చెంచా అడ్డంగా పెట్టి, "ఇది పొలిమేర. దీనికివతల ఫ్రాన్సు, అవతల ఇండియా. నేను రోజుకి పదిసార్లు ఇండియా వెళ్లొచ్చేదాన్ని, మేక తప్పించుకుంటే," అంది.

"వెంకటేశ్వరస్వామికి మీసాలుంటాయా?" అన్నాను నమ్మకుండా.

"మా ఊళ్లో ఉంటాయి. ఫ్రెంచోళ్ల దగ్గర నేర్చుకున్నాడేమో."

నాన్న మంచం మీద నుంచి, "అసలు ల్యాండ్‌మార్కు వదిలేశారత్తగారూ. రేవు దిగ్గానే ఎడం పక్క బ్రాందీ షాపు. మా కోనసీమోళ్లకి యానామంటే అదే," అన్నాడు. అమ్మ వంటింట్లోంచి గరిటె చూపించింది.

అలా నాలుగైదు శుక్రవారాలు జరిగింది. ఒక్కో శుక్రవారం ఒక్కో స్థలం. దొర బంగళాకి పచ్చరంగు చెక్క కిటికీలు. ముందు జెండా కొయ్య. వాళ్ల నాన్న ఆ బంగళాలో బిళ్ళబంట్రోతు. తెల్లకోటు మీద ఇత్తడి బిళ్ళ. దాన్ని ప్రతి పొద్దునా చింతపండుతో తోమే పని ఈవిడది. మంగళవారం సంతకి గట్టు అవతలి ఊళ్లన్నీ వచ్చేవట, వాళ్ల ఊళ్లలో దొరకని సరుకులు అక్కడ దొరికేవట. అన్నిటికన్నా నాకు నచ్చింది పెళ్లిళ్ల సంగతి. ఇండియాలో చిన్నపిల్లలకి పెళ్లి చేస్తే జైలు. ఫ్రెంచివాళ్ల ఊళ్లో ఆ చట్టం లేదు. అందుకని ముహూర్తాల రోజుల్లో పడవలు, బళ్లు వరసకట్టి వచ్చేవట, ఊరి నిండా పందిళ్లేనట.

"పెళ్లికూతురు ఎవరిదో భుజం మీద నిద్రపోతా ఉండేది. తాళి కట్టే వేళకి లేపేవోరు."

"లేవకపోతే?"

"లేవకపోయినా కట్టేసేవోరు. ఆళ్లు ముహూర్తం చూసుకుంటారు గానీ పిల్ల నిద్ర చూసుకుంటారేటి." ఆ పిల్లల వయసే తనకీ అట. గోడ మీద కూర్చుని బూందీ తింటూ చూసేదట. ఒక పెళ్లికూతురు తన బూందీ కోసం పందిట్లో ఏడిస్తే, వెళ్లి పెట్టి వచ్చిందట. "ఆ పిల్ల ఎక్కడుందో మరి" అనేది.

జెండా దింపేసిన రోజు సంగతి మాత్రం ఒక్కసారే చెప్పింది. ఊరంతా కేకలు, బాజాలు. వాళ్ల నాన్న కోటు తొడుక్కుని ఇంట్లోనే కూర్చున్నాడట. తర్వాత ఎవరో వచ్చి బిళ్ళ ఇచ్చెయ్యమన్నారు, ఇచ్చేశాడు. "తప్పని అనను. మన రాజ్యం మనకొచ్చింది. కానీ మా నాన్న చాన్నాళ్లు కోటు మీద చెయ్యేసి తడుముకునేవోడమ్మా, బిళ్ళ కోసం." ఆయన్ని చర్చివాళ్ల సమాధుల తోటలో గోడ వారగా పెట్టారట. పక్కన తనకి చోటుంచారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో దిగులు ఉండేది కాదు, ఇంటి తాళం నా దగ్గరే ఉందిలే అన్న ధీమా ఉండేది.

నేను ఊరు తీసుకుని ఊరుకోలేదు. స్కూల్లో, మా అమ్మమ్మ ఫ్రెంచి అని చెప్పాను. మలయాళీ పిల్ల పకపకా నవ్వింది. ఎగ్జిబిషన్ రోజు తీసుకొస్తాను, ఫ్రెంచి మాట్లాడుతుంది చూడు అన్నాను. ఆ పిల్ల క్లాసంతా చాటింది. మిస్ కూడా విని, "తప్పకుండా తీసుకురా," అన్నారు. ఎగ్జిబిషన్‌కి ఇంకా కొన్ని వారాలుంది, ఒక మంగళవారం.

శుక్రవారం ఆవిడ రాగానే, "అమ్మమ్మా, నీకు ఫ్రెంచి వచ్చా?" అంటే, "ఎందుకు రాదు! బోంజూర్, మెర్సీ, వియెనిసి, వీత్," అంది. చివరి రెండిటికీ అర్థమేంటంటే, ఇలా రా, తొందరగా, అంది. "దొర మా నాన్నని రోజంతా అయ్యే అనేవోడు. ఏ దొరైనా ముందు నేర్పేది అదేనమ్మా. ఇక్కడ మామా కూడా అంతే కదా. తాలీ, యల్లా."

ఆ రోజుల్లోనే ఆవిడకి ఆయాసం మొదలైంది. లిఫ్టు పాడైన ఒక శుక్రవారం నాలుగంతస్తులెక్కి గుమ్మంలోనే కూలబడింది. అమ్మ కాళ్లు నొక్కి చూసింది. నొక్కినచోట గుంట పడి అలాగే ఉండిపోయింది. అమ్మ మరుసటి వారమే తన ఆసుపత్రిలో డాక్టరుకి చూపించింది. ఆ తర్వాతి శుక్రవారం వంటింట్లో వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం నేను తలుపు పక్క నుంచి విన్నాను. అమ్మ మెత్తగా చెప్పే మనిషి కాదు.

"నీ గుండె బాలేదు పిన్నీ. ఊరెళ్లిపో."

"వెళ్తానే. చలికాలం పోనీ, మామా ఒక్కత్తీ..."

"మామా సంగతి వదిలెయ్. బతికుండగా ఆ పాస్‌పోర్టు నిన్ను ఎక్కడికైనా తీసుకెళ్తుంది. బాంబేలో దిగి, నీ దారిన నువ్వు యానాం బస్సెక్కొచ్చు. ఇక్కడ పోయావనుకో, అందులో ఎవరి ఊరుంటే ఆ ఊరికే పంపుతారు నిన్ను."

అమ్మమ్మ కొళాయి తిప్పి గిన్నెలు తోమడం మొదలెట్టింది. 

ఆ పాస్‌పోర్టు ఆవిడది కాదు. మొదటిసారి ఆవిడ కువైట్ వచ్చింది సొంత పేరు మీదే. యుద్ధమొచ్చి అందరితో పాటు కట్టుబట్టలతో తిరిగెళ్లింది. మళ్లీ వద్దామనుకునేసరికి ఇంటిపనికి వయసు దాటిపోయిందన్నారు. ఏజెంటు కడప వైపు ఎవరో ఆడమనిషి పాస్‌పోర్టు చూపించాడు, పదేళ్లు చిన్నది. ఫోటో మార్చి పంపించేశాడు. ఆ రోజుల్లో ఇదో పెద్ద తప్పని మా వాళ్లెవరూ అనుకునేవారు కాదు. పెళ్లికి పక్కింటావిడ చీర అడిగి కట్టుకున్నట్టే పేరు కూడా కట్టుకుని వచ్చేసేవాళ్లు. పని దొరికితే చాలు, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు మీద ఎవరి పేరుంటే ఏంటి అనుకునేవాళ్లు. పోతే ఏమవుతుందన్నది ఎవరికీ తట్టేది కాదు.

అమ్మ మాటలకి ఆవిడ భయపడింది. మామాని అడిగింది. ఆ మామా మంచిదే, వెంటనే ఒప్పుకుంది. గురువారానికి టికెట్టు తీయించింది. పిల్లలకి పంచమని ఒక సూట్‌కేసు నిండా బట్టలు కూడా ఇచ్చింది. ఆ సంగతి చెప్పడానికి అమ్మమ్మ శుక్రవారం వచ్చినప్పుడు అమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నాన్న "అత్తగారు గోదారెక్కేస్తున్నారు!" అన్నాడు. నేను క్యాలెండరు చూశాను. గురువారం. ఎగ్జిబిషన్ ఆ తర్వాత మంగళవారం.

హారన్ మోగాక ఆవిణ్ణి కిందకి దింపి వస్తానని నేనే బయల్దేరాను. లిఫ్టులో చెప్పాను. "నువ్వు మంగళవారం దాకా ఉండాలమ్మమ్మా. అందరికీ చెప్పేశాను. నువ్వు రాకపోతే నన్ను అబద్ధాలకోరు అంటారు."

"టికెట్టైపోయిందే బంగారం. ఈసారి..."

నేను ఏడవడం మొదలెట్టాను. ఊరికే కన్నీళ్లు కాదు. కింద లిఫ్టు తలుపు ముందు నేల మీద కూర్చుని, ఆవిడ కాళ్లకి అడ్డం పడి ఏడిచాను. బయట డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. నాకు అంతా తెలుసు. ఆవిడ గుండె బాలేదని తెలుసు, వంటింట్లో అమ్మ అన్న మాట తెలుసు. చిన్నపిల్లని, తెలియక చేశాను అని చెప్పుకోవడానికి కూడా లేదు. మలయాళీ పిల్ల నవ్వు ఒక్కటే నాకు కనబడింది.

ఆవిడ వంగలేక వంగి నా తల నిమిరింది. "ఊరుకో, ఊరుకో. మామాని అడుగుతాలే. ఒక్క వారమే కదా." లేచి నిలబడ్డాక, "మీ అమ్మతో అనకు," అంది.

రెండ్రోజుల తర్వాత ఇంటికి ఫోన్ చేసింది. మామా ఇంటికి చుట్టాలొస్తున్నారట, టికెట్టు ఆ పై గురువారానికి మార్చేసింది అని అమ్మతో చెప్పింది. అమ్మ ఫోన్ పెట్టేసి ఆ మామాని నోటికొచ్చినట్టు తిట్టింది. పక్కగదిలో హోంవర్కు చేసుకుంటున్న నేను నోరు మెదపలేదు. లోపల సంతోషంగా ఉంది. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, ఉన్నమాట అది.

వెళ్లిపోయి ఉండాల్సిన గురువారం దాటాక, శుక్రవారం మళ్లీ వచ్చింది. ఆ రోజు పూజలో కూర్చునే ఉంది, మోకరించలేదు. మధ్యాహ్నమంతా చార్టు మీద ఇద్దరం రంగులేశాం. బంగళా కిటికీలకి ఆకుపచ్చ తనే వేసింది. గోదారికి నేను నీలం వేస్తుంటే, "వరదొచ్చినప్పుడు అలా ఉండదే, మట్టిరంగేయ్," అని సరిదిద్దింది. "ఇంతకీ ఫ్రెంచోళ్లు ఏం కడతారు? నాకు గౌను లేదు మరి, ఆ నీలం చీర కట్టుకు రానా?" అని అడిగింది. నీలం చీరే కట్టుకో అన్నాను. మంగళవారం డ్రైవరుతో స్కూలు గేటు దగ్గరికి వచ్చేస్తానంది. వెళ్లేముందు "బోంజూర్ మిస్" అని రెండుసార్లు అని చూసుకుంది.

ఆదివారం పొద్దున మామా ఇంట్లో ఇస్త్రీ చేస్తూ పడిపోయింది. మామానే కార్లో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లి, అమ్మకి ఫోన్ చేయించింది. అమ్మ డ్యూటీ మధ్యలోంచి టాక్సీలో వెళ్లింది. నర్సు కాబట్టి లోపలికి రానిచ్చారు. నేను స్కూలు నుంచి వచ్చేసరికి అమ్మ చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో కూర్చుని ఉంది. నాన్నకి చెప్తోంది. "చివర్లో కూడా ఊరి ధ్యాసే. మంగళవారానికి ఇంకెన్నాళ్లుంది అని అడిగింది. సంత గుర్తొచ్చినట్టుంది పాపం."

సంత కాదని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

మంగళవారం స్కూలుకి వెళ్లాను. అమ్మ మానెయ్యమంది, నేనే వెళ్తానన్నాను. చార్టు పక్కన నిలబడ్డాను. మిస్ వచ్చి, మీ అమ్మమ్మ ఏది అని అడిగారు. "ఊరెళ్లిపోయింది మిస్," అన్నాను. మలయాళీ పిల్ల ఈసారి నవ్వలేదు. నా మొహం చూసి భయపడినట్టుంది. చార్టుకి రెండో బహుమతి వచ్చింది, జామెట్రీ బాక్సు. ఆ ఏడాదంతా దాన్నే వాడాను.

ఇక అసలు కష్టం పెద్దవాళ్లకి వచ్చింది. శవాన్ని పంపాలంటే పాస్‌పోర్టులో ఉన్న ఊరి కుటుంబం సంతకం పెట్టాలి. నాన్న ఏజెంటుని పట్టుకుని కడప వైపు ఆ ఇంటికి ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టాడు, మేమంతా విన్నాం. "మాయమ్మ ఈడనే ఉండాది గదన్నా, అరుగు మీద కూచోనుండాది. బతికుండే మనిసి సచ్చిపోయిందని మేమెట్ల సంతకం పెట్టేది? రేపు మాయమ్మకి ఏ కాయితమన్నా పుడతాదా?" అన్నాడు అవతల కొడుకు. అతన్ని తప్పు పట్టడానికి లేదు. యానాంలో అమ్మమ్మ కూతురు తల్లి రేషన్ కార్డు, పెళ్లి ఫోటో, చర్చిలో జ్ఞానస్నానం పుస్తకంలో పేజీ అన్నీ పంపింది. కానీ చనిపోయిన మనిషీ, ఆ కాగితాల్లో మనిషీ ఒక్కరేనని చెప్పే ముక్క ఏ కాగితంలోనూ లేదు. ఆఫీసుల్లో వాళ్లు మాత్రం ఏం చేస్తారు, కాగితం చూస్తారు. అమ్మ డ్యూటీ అయ్యాక రోజూ తిరిగింది. ఐదు వారాలు అలా గడిచాక, ఎడారి అంచున క్రైస్తవుల సమాధుల్లో పెట్టేశారు. నన్ను తీసుకెళ్లలేదు. గుర్తు పలక మీద కడప వైపు ఆవిడ పేరే రాశారట. ప్రార్థనలో మాత్రం అమ్మ ఫాదర్ చెవిలో అసలు పేరు చెప్పిందట, ఆయన గట్టిగా ఆ పేరే పలికాడట.

అమ్మకి నేను ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. "ఆ మామా టికెట్టు మార్చకపోయుంటే" అని అమ్మ అన్న ప్రతిసారీ లేచి పక్కగదిలోకి వెళ్లిపోయేదాన్ని. అమ్మ కూడా పోయింది. అది జరిగిన కొన్నాళ్లకి నేను ఒక్కదాన్నే యానాం వెళ్లాను.

ఇప్పుడు రేవు లేదు, గోదారి మీద పెద్ద వంతెన. ప్యారిస్‌లో ఉన్నట్టు ఇనుప గోపురమొకటి కట్టుకున్నారు, దాని కింద జనం సెల్ఫీలు తీసుకుంటున్నారు. బంగళా నేననుకున్నంత పెద్దది కాదు. వెంకన్నకి మీసాలున్నాయి. చర్చి దగ్గర అడిగితే అమ్మమ్మ కూతురిల్లు చూపించారు. మిషను కుట్టుకుంటోంది, నాకంటే పదిపదిహేనేళ్లు పెద్దది. ఎవరినో చెప్పగానే, "కువైట్ నర్సమ్మగారి పాపా!" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. తర్వాత సమాధుల తోటకి తీసుకెళ్లింది. గోడ వారగా బిళ్ళబంట్రోతు తాతగారి పక్కన ఇంకెవరిదో సమాధి ఉంది. "చాలా ఏళ్లు ఖాళీగానే ఉంచామమ్మా. చివరికి మా చిన్నాన్నని పెట్టేం," అంది.

గోదారి గట్టు మీద సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. నేను సుఫ్రా సంగతి, బిళ్ళ సంగతి, పెళ్లికూతురికి బూందీ పెట్టిన సంగతి చెప్పాను. ఆవిడ నోరు తెరుచుకుని వింది. "ఇయ్యన్నీ నాకెప్పుడూ చెప్పలేదు. చిన్నప్పుడు కూలిపని, తర్వాత కువైట్. మాకెక్కడ కుదిరింది కూచోడానికి," అంది. అప్పుడర్థమైంది నాకు, నేను తీసుకున్నది ఒక్క వారం కాదని. ఆవిడకి రావలసిన శుక్రవారాలన్నీ నేనే తినేశాను.

అప్పుడు చెప్పాను. లిఫ్టు, ఏడుపు, చుట్టాలొస్తున్నారన్న అబద్ధం, అన్నీ.

చెప్పడం అయ్యాక ఆవిడ నీళ్ల వంక తిరిగింది. "ఇన్నేళ్లూ ఆ మామాని తిట్టుకున్నానమ్మా. పూజలో కూడా తిట్టుకున్నాను."

"నన్ను తిట్టండి," అన్నాను.

"ఎన్నో క్లాసప్పుడు నువ్వు?"

"ఐదు."

ఆవిడ తలూపింది. "నాకూ అదే వయసుంటుంది, అమ్మ మొదటిసారి వెళ్లినప్పుడు. బస్టాండులో కాళ్లకి చుట్టుకుపోయేను. అమ్మ నా చేతులు విడదీసి బస్సెక్కేసింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. చూత్తే దిగిపోతాననుకుందేమో." కొంగుతో మొహం తుడుచుకుని, నా వైపు తిరిగింది. "నువ్వేడిస్తే ఆగిందా?"

"ఆగిందండి."

"అయితే నేనింకా గట్టిగా ఏడవాల్సింది," అంది.